ధాత కరువును ప్రపంచ చరిత్ర పాఠంలో పెట్టండి: పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసే రచయితలకు, సంపాదకులకు, వాటిని ఆమోదించే ఎస్‌సీఈఆర్‌టీ పెద్దలకు,

నమస్కారం.

నేను రాయలసీమలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చాలా ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను. మిమ్మల్ని ఒక్క విషయం అడగడానికే ఈ ఉత్తరం. ధాత నామ సంవత్సరంలో మొదలై, 1876 నుంచి 1878 దాకా మన నేలను తుడిచిపెట్టిన ధాత కరువు మీద హైస్కూలు పుస్తకంలో ఒక పూర్తి పాఠం కావాలి. దాన్ని స్థానిక చరిత్ర అని పేజీ పక్కన చిన్న పెట్టెలో ఇరికించవద్దు. పారిశ్రామిక విప్లవం, వలస పాలన, ప్రపంచ మార్కెట్ గురించి పిల్లలు ఎక్కడ చదువుతారో అక్కడే, ఆ వరసలోనే దానికి చోటు ఇవ్వండి.

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. ఆధునిక ప్రపంచం ఎలా తయారైందని అడిగితే మా పిల్లలు మాంచెస్టర్ మిల్లులు, ఆవిరి యంత్రం, ఫ్రెంచి విప్లవం అని గబగబా చెబుతారు. మన కరువుల గురించి అడిగితే వానలు పడలేదు, పంటలు పోయాయి, జనం చనిపోయారు అంటారు. నా చిన్నప్పుడు నేనూ అదే జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి సంబంధం లేనివిగా పిల్లల తలల్లో ఉండిపోతాయి. మాంచెస్టర్ ఎక్కడ, కర్నూలు జిల్లా పత్తికొండ ఎక్కడ అనుకుంటారు. 1870ల్లో ఈ రెండు ఊళ్ల బతుకూ ఒకే ధర మీద ఆధారపడి ఉండేది. ఆ సంగతి తెలియకుండా పదో తరగతి దాటడం మా పిల్లలకు అన్యాయం.

పత్తితో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కథలో అన్ని దేశాలనూ కలిపేది అదే. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో బానిసల చేత పండించే పత్తి మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ మిల్లులకు రావడం ఆగిపోయింది. మిల్లుల యజమానులు ప్రపంచమంతా వెతికారు. బళ్లారి, కర్నూలు నల్లరేగళ్లలో పత్తి ధర ఎన్నడూ చూడనంత పైకి పోయింది. జొన్న వేసే చేలల్లో పత్తి వేశారు, అప్పు చేసి మరీ వేశారు. ఈజిప్టులో నైలు ఒడ్డున రైతులు అదే చేశారు. ఈశాన్య బ్రెజిల్‌లో సియారా అనే మెట్ట ప్రాంతంలో పశువుల కాపరులు, చిన్న రైతులు కూడా అదే చేశారు. 1865లో యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ వచ్చింది, ధర కూలింది. అప్పులు మాత్రం మిగిలాయి. పదేళ్లు తిరిగేసరికి ఈ మూడు చోట్లా వానో, వరదో మొహం చాటేసింది. ఒకరి పేరు ఒకరికి తెలియని మూడు ఖండాల రైతులు ఒకే ధర చూసి ఒకే పంట వేసి, ఒకేసారి దెబ్బతిన్నారు. ప్రపంచీకరణ అంటే ఏమిటో పిల్లలకు అర్థం కావాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. పైగా ఇందులో మా జిల్లా ఉంది.

ఆ పదేళ్లలో ఇంకా కొన్ని మార్పులు జరిగాయి. 1869లో సూయజ్ కాలువ తెరిచారు, లండన్‌కు దూరం తగ్గింది, సరుకు రవాణా చౌక అయింది. 1870లో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగ బొంబాయిని బ్రిటన్‌తో కలిపింది, అక్కడి ధర ఇక్కడ అదే రోజు తెలిసే కాలం వచ్చింది. 1871లో మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా వచ్చిన రైలు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. 1873లో యూరప్, అమెరికా మార్కెట్లు కుదేలయ్యాయి. జర్మనీ వంటి దేశాలు వెండిని వదిలి బంగారం వైపు పోవడంతో వెండి విలువ పడిపోయింది. మన రూపాయి వెండిది కాబట్టి దాని విలువా పడింది. లండన్‌లో కొనేవాడికి మన ధాన్యం ఇంకా చౌక అయింది. ఇక్కడి ప్రభుత్వం ఏటా లండన్‌కు పౌండ్లలో కట్టాల్సిన బాకీ రూపాయల్లో లెక్కేస్తే పెరుగుతూ పోయింది. ఖజానా బిగువుగా ఉన్న ప్రభుత్వం, ధాన్యం బయటికి పోవడానికి అన్ని దారులూ తెరిచి ఉన్న మార్కెట్. ధాత నామ సంవత్సరం వచ్చేనాటికి పరిస్థితి ఇది.

1876లో సీమలో వానలు పోయాయి. నైరుతి అంతంత మాత్రం, ఈశాన్యం పూర్తిగా ఎగ్గొట్టింది. 1877లో నైరుతి కూడా సెప్టెంబరు దాకా రాలేదు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఇప్పటి అనంతపురం జిల్లా అప్పట్లో బళ్లారిలో భాగమే, అది వేరు పడింది 1882లో. నెల్లూరు, ఉత్తర ఆర్కాటు, సేలం, కోయంబత్తూరు, మైసూరు సంస్థానం, బొంబాయి దక్కను జిల్లాలు, నిజాం రాజ్యంలోని కొన్ని భాగాలు కూడా ఆ మంటలో పడ్డాయి. కాబట్టి ఈ పాఠం రెండు తెలుగు రాష్ట్రాలదీ.

ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా రాయాల్సిన విషయం ఒకటి ఉంది. ధాన్యం అసలు లేక జనం చచ్చిపోయారని రాయవద్దు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కి. డెల్టాల్లో పంట పండింది. బెంగాల్ నుంచి, బర్మా నుంచి ఓడల మీద బియ్యం మద్రాసు రేవుకు వచ్చింది, అక్కడి నుంచి రైలు మీద గుత్తికి, ఆదోనికి వచ్చింది. కానీ ధర రెండింతలు, మూడింతలు అయింది. పొలం పనులు లేక కూలి లేదు, మగ్గం గుడ్డ కొనేవాడు లేడు, ఎద్దులు కబేళాకు పోయేంత చౌకగా అమ్ముడుపోయాయి. స్టేషన్‌లో బస్తాలు దిగుతున్నాయి, ఆ స్టేషన్ బయటే మనుషులు పడిపోయారు. పైగా రైలు వచ్చాక ధాన్యం వ్యాపారికి కొత్త వీలు దొరికింది. కొరత ఉన్న చోటి నుంచి కూడా సరుకు లాగి, కాపలా ఉన్న పెద్ద డిపోల్లో దాచి, ధర ఇంకా ఎక్కేదాకా ఆగొచ్చు. వాన పడని జిల్లాలో ఉన్న ధరే వాన పడిన జిల్లాకూ పాకింది. ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1943 బెంగాల్ కరువును విడమరిచి చెప్పి తర్వాత ప్రపంచానికి నేర్పిన మాట ఇదే: తిండి ఉండటం వేరు, దాన్ని పొందే శక్తి మనిషికి ఉండటం వేరు. మా సీమ ఆ పాఠాన్ని అరవై ఆరేళ్ల ముందే ప్రాణాలతో మూల్యం కట్టి నేర్చుకుంది.

అదే 1877లో భారతదేశం నుంచి బ్రిటన్‌కు సుమారు 3 లక్షల 20 వేల టన్నుల గోధుమలు వెళ్లాయి, అప్పటిదాకా అదే రికార్డు. ఆ గోధుమ ఉత్తరాదిలో పండినది, మన చేలల్లోది కాదు. అయినా ఒకే ప్రభుత్వం కింద ఒక మూల ఎగుమతులు, ఇంకో మూల ఆకలి చావులు నడిచాయన్నది ఆ ప్రభుత్వపు సొంత రికార్డుల్లో ఉన్న నిజం.

అప్పటి వైస్రాయి లిట్టన్. 1877 జనవరి 1న విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు చేశాడు, దేశం నలుమూలల రాజులను, అధికారులను పిలిచి రోజుల తరబడి విందులు పెట్టాడు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది ఆయన పట్టు. మద్రాసు ప్రభుత్వం గుట్టుగా కొంత ధాన్యం కొని పెట్టుకుంటే పైనుంచి మందలింపు వచ్చింది. ఖర్చు అదుపు చేయమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపారు. ఈ టెంపుల్ కథ పిల్లలకు తప్పక చెప్పాలి. 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు ఈయనే బర్మా నుంచి బియ్యం తెప్పించి పంచాడు, చావులు చాలా తక్కువగా ఉండేలా చూశాడు. దానికి ఆయనకు దక్కిన బహుమానం, డబ్బు దుబారా చేశాడన్న నింద. మూడేళ్ల తర్వాత మద్రాసుకు వచ్చిన టెంపుల్ వేరే మనిషి. ప్రభుత్వం కూలి ఇచ్చి చేయించే కరువు పనుల్లో రాళ్లు కొట్టే, మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానికి తోడు కొద్దిపాటి చిల్లర డబ్బు చాలన్నాడు. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకంటే తక్కువ. మద్రాసులో ప్రజారోగ్యం చూసే శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. పని చేసే మనిషికి కనీసం పౌనున్నర ధాన్యం, పప్పు, కూరగాయలు కావాలని శరీరశాస్త్రం లెక్కలతో వాదించాడు. నెలల తరబడి కాగితాల మీద ఈ వాదన నడిచింది. కొలత కొంత పెంచేసరికి చాలామంది శరీరాలు తిరిగి కోలుకునే దశ దాటిపోయాయి. 1877 చివర్లో వానలు పడ్డాయి. అప్పుడు మలేరియా వచ్చి, ఒంట్లో శక్తి లేని వాళ్లను తీసుకుపోయింది. కలరా అంతకుముందే కరువు సహాయ శిబిరాల్లో తిరుగుతోంది.

ఎంతమంది పోయారు? దేశం మొత్తం మీద 56 లక్షల నుంచి 96 లక్షల దాకా చరిత్రకారులు అంచనాలు కట్టారు. ఇంత పెద్ద సంఖ్య చెబితే పిల్లల మనసుకు ఏమీ అందదు, అది నేను క్లాసులో చూశాను. దాని బదులు 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టండి. కర్నూలు జిల్లాలో 9 లక్షలు దాటి ఉన్న జనం పదేళ్లలో 7 లక్షల లోపుకు దిగారు. దాదాపు నలుగురిలో ఒకరు. చనిపోయినవాళ్లు, వలస పోయినవాళ్లు, పుట్టాల్సి ఉండి పుట్టనివాళ్లు అందరూ ఆ తేడాలో ఉన్నారు. ఈ లెక్క పిల్లల చేత వేయించండి. పోయినవాళ్లలో ఎక్కువమంది సెంటు భూమి లేని మాల, మాదిగ కూలీలు, పని పోయిన నేతగాళ్లు. ఆ మాట దాటవేయకుండా రాయండి. కరువు అందరినీ ఒకేలా చూడలేదు.

ఇప్పుడు సముద్రాల అవతలి సంగతి. మన దగ్గర వానలు ఎగ్గొట్టిన ఆ రెండు మూడేళ్లలోనే ఉత్తర చైనాలో షాన్షీ, హెనాన్, షాన్డాంగ్ రాష్ట్రాలు ఎండిపోయాయి. అక్కడ 95 లక్షల నుంచి కోటీ 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఒకప్పుడు కరువులో ఆదుకున్న చైనా ప్రభుత్వ ధాన్యాగారాలు అప్పటికి యుద్ధాలతో, తిరుగుబాట్లతో ఖాళీ అయిపోయి ఉన్నాయి. తిండిగింజలు వేసే భూముల్లో కొంతభాగం నల్లమందు కిందికి పోయింది. బ్రెజిల్‌లో ఇందాక చెప్పిన సియారాలో 1877 నుంచి 79 దాకా వాన లేదు. జనం ఫోర్టలేజా పట్నానికి గుంపులుగా నడిచి వెళ్లారు, అక్కడ మశూచి పట్టుకుంది. బతికినవాళ్లు ఎంతోమంది ఓడలెక్కి అమెజాన్ రబ్బరు అడవులకు పోయారు. ఈజిప్టులో పొలాలను తడిపే నైలు వరద 1877లో బాగా తక్కువగా వచ్చింది. ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ పత్తి ధర ఉన్న రోజుల్లో చేసిన అప్పులు తీర్చలేక 1876లోనే చేతులెత్తేశాడు, యూరప్ అప్పులవాళ్లు వచ్చి ఖజానా మీద కూర్చున్నారు. ఎండిన పొలాల మీద కూడా పన్ను వసూలు చేసి వడ్డీ కట్టారు. 1882లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టును ఆక్రమించింది.

వీటన్నిటి వెనకా ఉన్న ప్రకృతి కారణాన్ని ఇప్పుడు మనం ఎల్ నినో అంటున్నాం. 1877-78లో వచ్చినది ఇప్పటిదాకా తెలిసిన వాటిలో అతి బలమైన వాటిలో ఒకటి. మామూలు ఏళ్లలో పసిఫిక్ మహాసముద్రం మీద వీచే గాలులు వేడి నీటిని పడమరగా, ఇండోనేషియా వైపు నెడతాయి. ఆ వేడి నీటి మీద గాలి పైకి లేచి మేఘాలు కడతాయి. ఎల్ నినో ఏడాదిలో ఆ గాలులు నీరసపడతాయి, వేడి నీరు తూర్పుకు జారుతుంది, మేఘాలు కట్టే చోటూ దానితో పాటు జరుగుతుంది. మన వైపు గాలి పైకి లేవాల్సింది పోయి కిందికి దిగుతుంది, వాన పడదు. అయితే 1876లో సీమలో వాన పోవడానికి కారణం మొత్తం ఎల్ నినోయే అని రాయవద్దు. అది బలం పుంజుకున్నది మరుసటి ఏడు. ముందే వానలు తప్పి ఉన్న నేల మీద అది వచ్చి పడింది, హిందూ మహాసముద్రంలో, అట్లాంటిక్‌లో వచ్చిన మార్పులు దానికి తోడయ్యాయి. శాస్త్రవేత్తలు ఈ మధ్య కాలంలో తేల్చిన విషయం ఇది.

ఈ పాఠాన్ని సైన్సు టీచర్లు కూడా ఇష్టపడతారని నా నమ్మకం. ఎల్ నినో గురించి ప్రపంచానికి ఉన్న జ్ఞానానికి ఒక మూలం మన కరువుల్లోనే ఉంది. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో, దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. ఆయన ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే వానలు తప్పాయి. కరువుకు సూర్యుడి మీది మచ్చలు కారణమా అని మద్రాసులో, లండన్‌లో పెద్ద మనుషులు వాదించుకుంటుంటే, బ్లాన్‌ఫర్డ్ గాలి పీడనం లెక్కలు పోగుచేశాడు. ఆసియా నుంచి ఆస్ట్రేలియా దాకా పీడనం ఒకేసారి మామూలు కంటే ఎక్కువగా ఉందని గమనించాడు. 1888లో ఆస్ట్రేలియాలో చార్లెస్ టాడ్ తమ దేశపు కరువులు, మన కరువులు ఒకే ఏళ్లలో వస్తున్నాయని ఎత్తి చూపాడు. 1904లో వాతావరణ శాఖకు వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితం మనిషి. గుమస్తాల చేత ప్రపంచంలోని లెక్కలన్నీ వేయించి, పసిఫిక్‌కు ఆ కొసన పీడనం పెరిగితే ఈ కొసన తగ్గుతుందని 1920ల్లో తేల్చాడు. 1969లో వాతావరణ శాస్త్రవేత్త యాకబ్ బ్యెర్క్‌నెస్ దాన్ని సముద్రపు వేడితో ముడిపెట్టాడు. ప్రతి ఏప్రిల్‌లో టీవీలో వర్షపాతం అంచనా చెబుతుంటే మా పిల్లల నాన్నలు వేరుశనగ విత్తనాలు కొనాలా వద్దా అని టెన్షన్ పడుతూ వింటారు. ఆ అంచనా వెనక ఉన్న శాస్త్రం మొదలైంది తమ ముత్తాతల చావుల దగ్గర అని ఆ పిల్లలకు తెలియాలి.

కరువు వల్ల, ఆ కరువు రోజుల్లో ఇంకా ఏమేం జరిగాయో క్లుప్తంగా చెప్పినా చాలు. 1880లో స్ట్రేచీ అధ్యక్షతన కరువు కమిషన్ నివేదిక, దాని తర్వాత కరువు వస్తే అధికారులు ఏం చేయాలో చెప్పే కరువు నియమావళులు. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడకు కరువు రక్షణ కోసం వేసిన రైలు మార్గం. మద్రాసులో అడయారును, కూవాన్ని కలుపుతూ కరువు కూలీలు తవ్విన బకింగ్‌హామ్ కాలువ ముక్క. కరువు నిధి కోసమని జనం మీద వేసిన పన్నును ఆఫ్ఘన్ యుద్ధానికి మళ్లించడం మీద వచ్చిన కోపం. 1876లోనే దాదాభాయి నౌరోజీ దేశపు పేదరికం మీద లెక్కలు బయటపెట్టడం. 1879లో ఖజానా ఇబ్బందుల్లో ఉండగానే లాంకషైర్ కోసం పత్తి గుడ్డల మీద దిగుమతి సుంకం తగ్గించడం. జాతీయోద్యమం పాఠానికి ముందు ఈ నాలుగు మాటలు ఉంటే, 1885లో కాంగ్రెస్ ఎందుకు పుట్టిందో పిల్లలకు బట్టీ పట్టకుండానే తెలుస్తుంది.

కరువు పనుల వాదన అప్పటితో ముగిసిందనుకోవద్దు. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. మా ఊళ్లలో ఆడవాళ్లు దాన్ని కరువు పని అనే అంటారు. ఎండలో మట్టి పని చేసే మనిషికి రోజుకు ఎంత ఇవ్వాలి, ఎంత కొలత తవ్వితే ఎంత కూలి అన్న ప్రశ్న కార్నిష్, టెంపుల్ వాదించుకున్న ప్రశ్నే. మార్కెట్ సంగతీ అంతే. 1994లో పామోలిన్ దిగుమతిని స్వేచ్ఛగా వదిలాక మలేషియా, ఇండోనేషియా నూనె ధర అనంతపురం వేరుశనగ ధరను శాసించడం మొదలైంది. వాన తప్పిన ఏడు పంట లేదు, పంట వచ్చిన ఏడు ధర లేదు. 2002, 2009 ఎల్ నినో ఏళ్లలో నైరుతి దెబ్బతిన్నది మనందరికీ గుర్తే. 1997లో చాలా బలమైన ఎల్ నినో వచ్చినా దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి, అది కూడా పిల్లలకు చెప్పాలి. సముద్రం వేడెక్కిన ప్రతిసారీ కరువు రావాలని ఏమీ లేదు, వాన తప్పిన ప్రతిసారీ జనం చావాలనీ లేదు. మధ్యలో ఎంత నిలవ ఉంది, ఎవరి చేతిలో డబ్బు ఉంది, ప్రభుత్వం ఏం చేసింది అన్నవి ఉన్నాయి.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు, స్టాఫ్ రూంలో విన్నవే. సిలబస్ ఇప్పటికే బరువు అంటారు. నిజమే, అందుకే కొత్తగా కలపమనడం లేదు. యూరప్ రాజవంశాల పేర్లు, ఒప్పందాల తేదీలు కొన్ని తగ్గించండి. పిల్లలకు ఇంత విషాదం ఎందుకు అంటారు. ఐర్లండ్ బంగాళాదుంపల కరువు, హిరోషిమా చదివి తట్టుకున్న పిల్లలు తమ ఊరి కథ చదివి తట్టుకోగలరు. ఇది తెల్లవాళ్ల మీద కోపం పెంచే పాఠం అవుతుందేమో అని కొందరి భయం. జాగ్రత్తగా రాస్తే కాదు. ఎదిరించిన కార్నిష్ తెల్లవాడే. మద్రాసులో పత్రిక నడుపుతూ ఈ కరువు మీద రెండు సంపుటాలు రాసిన విలియం డిగ్బీ తెల్లవాడే. ధర ఎక్కేదాకా గింజలు దాచినవాళ్లు మన వ్యాపారులే. పంతొమ్మిదో శతాబ్దపు కరువుల్లో ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టాడని జనం ఇప్పటికీ పాటలు పాడుకునే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డీ మనవాడే. అందరినీ ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఒక విన్నపం మాత్రం ప్రత్యేకంగా చేస్తున్నాను. ఈ పాఠానికి బొమ్మ పెట్టాలనుకున్నప్పుడు మీ చేతికి ముందు దొరికేవి విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫొటోలు. ఎముకల గూళ్లలా ఉన్న మనుషులను వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసినవి. అన్నం పెట్టకుండా ఫొటో తీశాడని ఆనాడే ఆయన మీద విమర్శలు వచ్చాయి. ఆ మనుషుల పేర్లు ఎవరూ రాసుకోలేదు. పదమూడేళ్ల పిల్లలు ఆ బొమ్మ చూసి ముందు నవ్వుతారు, తర్వాత భయపడతారు, పాఠం మరిచిపోతారు. దయచేసి వాటిని వేయకండి. వాటి బదులు అప్పటి రైలు మార్గం పటం వేయండి. గుత్తి, ఆదోని, కడప స్టేషన్లు గుర్తించండి. పక్కనే జొన్న ధరలు నెల నెలా ఎలా మారాయో గీత గీయండి. కార్నిష్ అడిగిన భోజనం, టెంపుల్ ఇచ్చిన భోజనం రెండు పళ్లాల్లో చూపించండి.

పాఠం చివర ప్రశ్నలు కూడా కారణాలు రాయుము, ఫలితాలు రాయుము అన్న పద్ధతిలో వద్దు. ఊళ్లో కరువు పనుల కింద తవ్విన చెరువు, వేసిన బాట ఏదైనా ఉందేమో పెద్దవాళ్లను అడిగి రమ్మనండి. మా పిల్లల్ని ఒకసారి అలా పంపితే కొందరు తాతమ్మల దగ్గర బలుసాకు వండుకున్న కథలు తెచ్చారు, కొందరు ఊరు వదిలి బర్మా పోయి తిరిగిరాని పెదతాతల సంగతి తెచ్చారు. అవన్నీ ధాత కరువువే అని నేను అనను, తర్వాత కూడా కరువులు చాలా వచ్చాయి. కానీ జిల్లా మాన్యువళ్లలో, అంటే బ్రిటిష్ కాలంలో రాసిన జిల్లా వివరాల పుస్తకాల్లో, ఉన్న అంకెల పక్కన ఆ మాటలు పెడితే క్లాసులో అందరూ వింటారు.

కర్నూలు, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పని మీద ఆసక్తి ఉన్న సోషల్ టీచర్లం కొందరం ఉన్నాం. 1886 నాటి కర్నూలు జిల్లా మాన్యువల్, 1880 కరువు కమిషన్ నివేదిక, పాత జనాభా లెక్కలు చూసి ఎనిమిది పేజీలకు మించని ముసాయిదా పాఠం రాసి ఇవ్వగలం. పారితోషికం అడగం, పేర్లు వేయమనీ అడగం. తొమ్మిది, పదో తరగతి పుస్తకాలు మళ్లీ సవరణకు తీసుకున్నప్పుడు మమ్మల్ని ఒక్క రోజు పిలవండి. వేసవి సెలవుల్లో అయితే అందరం రాగలం.

ఇట్లు,
రాయలసీమ జిల్లా పరిషత్ హైస్కూలు సోషల్ టీచరు